ఎదుటి కుర్చీ

వెనెడిక్ట్ ల్వోవిచ్ సుఖొరూకొవ్‌కు ఆ గురువారం రెండు పనులున్నాయని, రెండూ ఒకే బల్ల దగ్గర తేలాల్సినవని పోయిన వారం చూశాం. ఆయన జరేచెన్స్క్ పట్టణ కార్యవర్గానికి ఉపాధ్యక్షుడు. ఇళ్ళ కేటాయింపు, పాత ఇళ్ళ కూల్చివేత ఆయన చేతిలో ఉంటాయి. గురువారం అర్జీల రోజు. రెండో పని చదరంగానిది. ముప్ఫై ఏళ్ళుగా ఆయన చదరంగ సమస్యలు కూరుస్తున్నాడు. పత్రికల్లో బొమ్మ వేసి, కింద "తెలుపు ఆడి మూడెత్తుల్లో ఆట కట్టించాలి" అని రాస్తారే, అవి.

రెండేళ్ళ కింద చనిపోయిన స్నేహితుడు ఇన్నొకెంతి సావ్విచ్ బెరెస్తొవ్ పేర పట్టణ పత్రిక ఒక పోటీ పెట్టింది. న్యాయనిర్ణేత సుఖొరూకొవే. పదిహేడో నంబరు సమస్యకు మొదటి బహుమతి ఇచ్చాడు. అది ఎవరు పంపారో ఆయనకు తెలియదు. పోటీకి వచ్చినవాటి మీద పేరుండదు, మారుపేరు ఉంటుంది. పదిహేడు మీద "పొంగిన పాలు" అని ఉంది. అసలు పేరు, అంటించిన కవర్లో, పత్రికాఫీసులో ఉంటుంది. ఆక్షేపణలకు మూడు నెలల గడువు. అది ఆ సాయంత్రం అయిదింటితో తీరిపోతుంది. అయిదింటికి ఆయన ఫోన్ చేసి "ఖాయం" అంటే కవరు చింపుతారు.

ఉదయం మొదటి అర్జీదారును కూడా చూశాం. జతొన్‌స్కయా వీధి ఎనిమిదో నంబరు చెక్క ఇంటి నుంచి వచ్చిన, నలభై దాటిన ఆడమనిషి. ఆ ఇంటిని మర్నాడు ఎనిమిదింటికి కూల్చాలి. నెల రోజులు ఆపమంది. ఎదుటి కుర్చీలో కూర్చోకుండా దాన్ని ఎత్తి తెచ్చి, బల్లకు ఆయన వైపున వేసుకుంది. బల్ల మీద పదిహేడో నంబరు పేర్చిన చిన్న బోర్డు ఉంది. ఆమె దాన్ని చూసింది. ఆయన "అటు కూర్చోండి" అన్నాడు. "ఇటే అలవాటండీ" అంది ఆమె. ఆయన అర్జీ మీద "కుదరదు" అని రాసి, తేదీ వేశాడు. ఆమె కుర్చీని యథాస్థానంలో పెట్టి వెళ్ళింది. తలుపు మళ్ళీ తెరుచుకుంది.

రెండో మనిషికి డెబ్బై ఏళ్ళుంటాయి. ఫెల్టు బూట్ల మంచు గడప దగ్గర దులిపి, ఎదుటి కుర్చీలో కూర్చుని సంచి ఒళ్ళో పెట్టుకుంది.

సుఖొరూకొవ్ కలం తీశాడు. "ఇంట్లో ఎంతమంది? ఇప్పుడెన్ని చదరపు మీటర్లు?"

"నేనూ మా తమ్ముడూ. మీటర్లు సరిపోతాయి నాయనా. నేను బంటు కోసం వచ్చాను."

"ఏ బంటు?"

"పదిహేడో నంబరులో ఏడో వరుస మీదుందే, ఆ బంటు."

ఆయన కలం కింద పెట్టాడు. "ఇది ఇళ్ళ క్యూ అమ్మా."

"తెలుసు. ఆరున్నర నుంచి నించున్నాను. పత్రికాఫీసుకు వెళ్తే ఆక్షేపణ న్యాయనిర్ణేతకే ఇవ్వాలన్నారు. ఆయన ఎక్కడుంటాడంటే ఇక్కడన్నారు. ఇక్కడికొస్తే క్యూలో నించోమన్నారు. నా వెనకావిడ నాకు రెండు గదులు రావాలని దీవించింది కూడా."

ఆమె పేరు ఫాయినా మత్వేయెవ్నా. నది రేవులో పడవల రాకపోకలు చూసి రిటైరైంది. పత్రికలో వచ్చే సమస్యలు విప్పేవాళ్ళ జాబితాలో పదకొండేళ్ళుగా మొదటి పేరు ఆమెదే. ఆమె పంపే కార్డుల మీది దస్తూరి సుఖొరూకొవ్‌కు తెలుసు. మనిషిని చూడడం అదే మొదలు.

ఆమె సంచిలోంచి బడిపిల్లల నోటుపుస్తకం తీసింది. తెరిచిన పేజీలో ఒక పత్రిక ముక్క అంటించి ఉంది. 1961 మే 14. చదరంగం బొమ్మ. కింద: "వె. సుఖొరూకొవ్. మూడెత్తుల్లో ఆటకట్టు."

ఆయన బొమ్మ చూశాడు. పేరు చూశాడు. మళ్ళీ బొమ్మ చూశాడు.

"ఇది నాది కాదు."

"మీ పేరుంది."

"ఉంది. అయినా నాది కాదు. పదిహేడుకూ దీనికీ పోలికే లేదు."

"పుస్తకం తిప్పండి."

"ఎటు?"

"తలకిందులుగా."

తిప్పాడు. పక్కనున్న బోర్డుతో పోల్చాడు. తెల్లవి ఏడు, నల్లవి అయిదు. ఒక్కొక్క గడి మీద వేలు పెట్టి చూసుకుంటూ వచ్చాడు. పన్నెండూ సరిపోయాయి.

"మా తమ్ముడికి నడుం నొప్పి," అంది ఫాయినా మత్వేయెవ్నా. "గోడకానుకునే కుర్చీ వాడిది. తెలుపు వైపు వాడే ఉంటాడు. నలభై ఏళ్ళుగా నేను ప్రతి బోర్డునూ నలుపు వైపు నుంచే చూస్తున్నాను. పదిహేడు పేర్చగానే నా వైపు నుంచి అచ్చం ఈ బొమ్మ కనిపించింది. నిన్నంతా పాత పుస్తకాలు తిరగేశాను."

"కానీ బంటు..."

"ఆ, బంటు. పదిహేడులో అది ఏడో వరుస మీదుంది. ఒక్క అడుగేసి మంత్రి కాకుండా గుర్రమవుతుంది. అందం అంతా అదే కదా! ఇక్కడ చూడండి, అదే బంటు రెండో వరుసలో ఉంది. ఇల్లు కదలని బంటు. అప్పట్లో మూడు వారాలు బుర్ర బద్దలు కొట్టుకున్నాను. ఆఖరికి పత్రికవాళ్ళు 'సమాధానం లేదు, కూర్చినవారి పొరపాటు' అని వేశారు. మిమ్మల్ని ఎంత తిట్టుకున్నానో!"

"నన్నా?"

"పేరు మీదేగా." ఆమె సంచి మూసింది. "ముందే అచ్చయినదానికి బహుమతి లేదని మీ నిబంధన. మీది మీరే గుర్తుపట్టలేదా? గుర్తుపట్టే ఇచ్చారా? లేకపోతే ఎవరో మీది కొట్టేసి, సరిచేసి పంపారా? మూడింట్లో ఏది?"

"నాలుగోదేమైనా ఉందేమో."

"ఉంటే మీకే తెలియాలి. అయిదింటి దాకా టైముంది. పుస్తకం ఉంచుకోండి. 'అందింది' అని రాసివ్వండి, సంతకంతో."

ఆయన రాసిచ్చాడు. ఆమె చదువుకుని, నాలుగు మడతలు పెట్టి, చేతితొడుగులో దోపుకుంది.

మధ్యాహ్నం దాకా ఇంకా పదిహేడు మంది వచ్చారు. ఆయన మీటర్లు అడిగాడు, రాశాడు. ఒకాయన్ని రెండుసార్లు ఒకే ప్రశ్న అడిగాడు. అడిగిన సంగతి ఆయన మొహం చూసి తెలుసుకున్నాడు. పోయిన నెల చెల్లెలి కొడుకు పేరు గుర్తు రాక అయిదు నిమిషాలు తడుముకున్న సంగతి జ్ఞాపకం వచ్చింది. కానీ పేరు మరిచిపోవడం వేరు. తను కూర్చినవి రెండు వందల పద్నాలుగు. ఏది అడిగినా బోర్డు లేకుండా చెప్పగలడు. ఇది వాటిలో లేదు. పైగా 1961 ఏప్రిల్ చివర్నుంచి జూన్ దాకా ఆయన ఊపిరితిత్తుల్లో నీరు చేరి, పత్రిక తెరిచే ఓపిక కూడా లేకుండా ఆసుపత్రిలో ఉన్నాడు.

పేరు ఎలా చేరి ఉంటుందో ఊహించగలడు. ఇన్నొకెంతి 1956లో ఖైదీల శిబిరం నుంచి తిరిగొచ్చాడు. ఆ తర్వాత చాలా ఏళ్ళు ఆయన పేరు అచ్చు వేసేవాళ్ళు లేరు. ఆయన కూర్చినవి రెండు, 58లో ఒకటి, 59లో ఒకటి, సుఖొరూకొవ్ పేరుతో వెళ్ళాయి. రెండోదానికి మాస్కోలో బహుమతి వచ్చింది. దాని వల్ల వచ్చిన 'మాస్టర్ అభ్యర్థి' అనే చదరంగ పట్టా ఇప్పటికీ ఈ గదిలో గోడకుంది. ఆ సంగతి ఇద్దరికే తెలుసు. ఇప్పుడు ఒక్కరికే. కానీ ఆ రెండూ తెలిసి ఇచ్చిన పేర్లు. ఈ మూడోది ఎవరిచ్చారు?

"నాది" అని రాస్తే, తనది కానిదాన్ని తనదని చెప్పి ఎవరి బహుమతో లాక్కున్నట్టు. "నాది కాదు" అని రాస్తే, మరి నీ పేరెందుకుందని అడుగుతారు. ఆ ప్రశ్న గోడ మీది పట్టా దాకా వచ్చి ఆగుతుంది. అక్కడ ఆగకపోతే ఈ కుర్చీ దాకా వస్తుంది.

భోజనానికి ఇంటికి వెళ్ళాడు. భార్య రిమ్మా పావ్లొవ్నా క్యాబేజీ సూపు వడ్డించింది. ఆయన పళ్ళెం జరిపి నోటుపుస్తకం పెట్టాడు.

"వేన్యా, మీగడ వేశాను. చల్లారితే బాగుండదు."

"నేను ఆసుపత్రిలో ఉన్న మే నెలలో ఇన్నొకెంతి ఇక్కడికి వచ్చేవాడా?"

"రాకపోతే కట్టెలెవరు కొట్టారనుకున్నావు? నేనా?"

"చదరంగం మాటేమైనా వచ్చిందా?"

ఆమె గరిటె గిన్నెలో పెట్టింది. పత్రిక ముక్క వైపు చూసి, కళ్ళద్దాలు పెట్టుకుని, మళ్ళీ చూసింది.

"ఇదెక్కడ దొరికింది?"

"అంటే నీకు తెలుసు."

"ఒక్కసారే వేన్యా. నీ పేరుతో పంపుదాం, మంచం మీద పత్రిక తెరిచి అదిరిపోతాడు అన్నాడు. ఆయన దస్తూరి పత్రికలో అందరికీ తెలుసుగా, అందుకని నన్ను రాయమన్నాడు. ఇదే బల్ల. ఆయన కిటికీ దగ్గర కూర్చుని పావులు పేర్చాడు. నేను గళ్ళు లెక్కపెట్టి రాసుకున్నాను."

"నువ్వెక్కడ కూర్చున్నావు?"

"ఇక్కడే, పొయ్యి దగ్గర."

"ఆయనకు ఎదురుగా."

"ఎదురుగా కాకపోతే ఆయన ఒళ్ళోనా?"

"ఏ మూల నుంచి లెక్కపెట్టావు?"

"నా ఎడమ చేతి మూల నుంచి. నువ్వు నేర్పినట్టే."

ఆయన అల్మారా మీంచి పాత బోర్డు దింపాడు. ఇన్నొకెంతి స్వయంగా చేసిన బోర్డు. అంచుల మీద అక్షరాలు, అంకెలు లేవు. తెలుపు కిటికీ వైపు, నలుపు ఆమె వైపు వచ్చేట్టు పదిహేడో నంబరు పేర్చాడు. ఆమె బోర్డునూ పత్రిక ముక్కనూ మార్చి మార్చి చూసింది.

"అదేగా," అంది. "సరిగానే రాశాను."

"నీ వైపు నుంచి సరిగానే రాశావు రిమ్మా. తెలుపు నీ వైపు లేదు."

ఆమెకు అర్థం కావడానికి కొంత సేపు పట్టింది. ఆయన ఏడో వరుస బంటును చూపించాడు. ఆమె కూర్చుంది.

"పంపేముందు ఆయనకు చూపించలేదా?" అని అడిగాడు.

"చూపిద్దామని లేచాను. ఇంతలో పాలు పొంగాయి. పొయ్యంతా పాలే. ఆయన గుడ్డ తీసుకుని తుడుస్తున్నాడు. నేను కవరు అంటించేశాను."

"ఏం పొంగాయన్నావు?"

"పాలు. ఎందుకలా చూస్తావు?"

పోటీ కాగితాల మీద ఎర్ర సిరాతో తనే రాసుకున్న మారుపేరు ఆయన కళ్ళ ముందుంది.

"ఆ జూన్ నుంచి ఏడాది పాటు ఇన్నొకెంతి మన గడప తొక్కలేదు," అన్నాడు చివరికి. "నీకు ఎందుకో తెలుసా?"

"నువ్వే కదా, బెరెస్తొవ్‌కు పొగరెక్కింది అన్నావు."

"నేనన్నాను. నువ్వేమనుకున్నావు?"

"ఆయన తప్పు కూర్చాడనుకున్నాను. 'కూర్చినవారి పొరపాటు' అని పత్రికలో వేశారుగా. సిగ్గుపడి రావట్లేదనుకున్నాను. నీకు చెప్తే నువ్వు ఆయన్ని ఏడిపిస్తావని చెప్పలేదు." ఆమె పైట కొంగులా వేసుకున్న శాలువా అంచుతో కళ్ళద్దాలు తుడిచింది. "ఆయనేమనుకున్నాడు?"

"నేను చెడగొట్టాననుకుని ఉంటాడు. చెడగొట్టి, ఒక్క మాటైనా చెప్పలేదనుకుని ఉంటాడు."

"మరి తిరిగెందుకొచ్చాడు?"

సుఖొరూకొవ్‌కు ఆ రోజు గుర్తొచ్చింది. 1962 జూన్‌లో ఒక ఆదివారం ఇన్నొకెంతి పొగబెట్టిన చేప ఒకటి కాగితంలో చుట్టి తెచ్చాడు. ఏడాది సంగతి ఎత్తలేదు. ఎదుటి కుర్చీని ఎత్తి తెచ్చి సుఖొరూకొవ్ కుడి పక్కన వేసుకున్నాడు. ఎడమ చెవి సరిగ్గా వినపడ్డం లేదు, అందుకని అన్నాడు. చనిపోయేదాకా, ఇరవై మూడేళ్ళు, అక్కడే కూర్చున్నాడు. ఇద్దరూ బోర్డును ఒకే వైపు నుంచి చూసేవాళ్ళు.

"ఎడమ చెవి అన్నాడు కదూ?" అని భార్యను అడిగాడు.

"ఎడమదే."

"నాకు కుడి పక్కన కూర్చునేవాడు. అంటే నా వైపున్నది ఎడమ చెవే."

రిమ్మా పావ్లొవ్నా తన తలను చేత్తో అటూ ఇటూ తిప్పి చూసుకుంది.

"అన్నీ వినపడేవిగా ఆయనకు," అంది.

"అన్నీ వినపడేవి. బోర్డు తిరగబడ్డ సంగతి తెలిసే నా పక్కకు వచ్చాడు."

సూపు చల్లారిపోయింది. ఆయన అలాగే తాగాడు.

అయిదుకు ఇరవై నిమిషాలుండగా, ఆఫీసు నుంచి పత్రికకు ఫోన్ చేశాడు. చదరంగం శీర్షిక చూసే గెర్మన్ ఒసిపొవిచ్ పలికాడు.

"ఖాయమేనా వెనెడిక్ట్ ల్వోవిచ్? పేజీ ఆపి కూర్చున్నాను."

"ఒక ప్రకటన ఉంది. రాసుకోండి."

"ఒక్క మాటకు ప్రకటనా? చెప్పండి."

"1961 మే 14న ఈ పత్రికలో నా పేరుతో వచ్చిన సమస్య నాది కాదు. బెరెస్తొవ్‌ది. అది తలకిందులుగా అచ్చయింది, దానికి పరిష్కారం లేదు. కాబట్టి ముందు అచ్చయినదాని కింద లెక్కకు రాదు. పదిహేడో నంబరు బహుమతి ఖాయం. రాశారా?"

"రాశాను."

"అంతకుముందు 58లో ఒకటి, 59లో ఒకటి నా పేరుతో వచ్చినవి కూడా బెరెస్తొవ్‌వే. 59దానికి వచ్చిన బహుమతి ఆయనది. దాన్ని బట్టి నాకిచ్చిన పట్టా వెనక్కిస్తున్నాను."

అవతల కలం చప్పుడు ఆగింది.

"వెనెడిక్ట్ ల్వోవిచ్, మీరు ఉపాధ్యక్షులు. ఇది అచ్చవుతుంది."

"అందుకే నెమ్మదిగా చెప్తున్నాను."

"ఒంట్లో బాగానే ఉందా? రేపటి దాకా ఆలోచించుకుంటారా?"

"గడువు ఈ రోజే. అయిదయ్యాక కవరు చింపి నాకు చెప్పండి."

ఫోన్ పెట్టలేదు. ఇద్దరూ గడియారం చూస్తూ కూర్చున్నారు. గెర్మన్ ఒసిపొవిచ్ ఒకసారి దగ్గాడు. పంపినవాళ్ళకు సరైన వైపు తెలుసు, పాలు పొంగిన సంగతి తెలుసు, అనుకున్నాడు సుఖొరూకొవ్. ఇన్నొకెంతి ఎవరికో చెప్పాడు. తనకు తప్ప ఇంకెవరికో.

అయిదైంది. కాగితం చిరిగిన చప్పుడు.

"చెరెమిసినా," అని చదివాడు గెర్మన్ ఒసిపొవిచ్. "అగ్నియా... ఆగండి. అగ్నియా ఇన్నొకెంత్యెవ్నా. తండ్రి పేరు ఇన్నొకెంతి. మన బెరెస్తొవ్‌కు కూతురుందా?"

"లేదు. పెళ్ళే చేసుకోలేదు."

"ఇక్కడుందండీ మరి. విలాసం, జతొన్‌స్కయా వీధి, ఎనిమిది."

సుఖొరూకొవ్ ఫోన్ పెట్టి ఉదయం కట్టలోంచి అడుగున ఉన్న అర్జీ తీశాడు. అ. ఇ. చెరెమిసినా. మూలగా తన చేత్తో రాసిన "కుదరదు". ఎదుటి కుర్చీ వైపు చూశాడు, తర్వాత బల్లకు ఇటువైపు నేల మీద, ఆ కుర్చీ కాళ్ళు పెట్టిన చోటు చూశాడు.

"కపితోలినా!" అని కేకేశాడు. సెక్రటరీ వచ్చింది. "ఉదయం మొదట వచ్చినావిడ..."

"వెళ్ళలేదండీ. కింద కోట్లు తగిలించేచోట బెంచీ మీదుంది. మీతో మాట్లాడాలంటే పైకి రమ్మన్నాను. అయిదుకు ముందు న్యాయనిర్ణేతతో మాట్లాడకూడదు, అది నిబంధన అంది. మనకు అలాంటి నిబంధన ఉన్నట్టు నాకు తెలియదు."

ఆయన కోటు లేకుండానే మెట్లు దిగాడు. ఆమె బెంచీ మీద ఒక చివరగా కూర్చుని ఉంది. ఆయన పక్కన కూర్చున్నాడు.

"మీరు ఇన్నొకెంతి కూతురా?"

"పెంచిన కూతుర్ని. ఆ కథ పెద్దది. అయిదైందా?"

"అయింది. బహుమతి ఖాయమైంది. అది మీ నాన్నదని పత్రికకు చెప్పేశాను. నా పేరు తీసేయించాను."

ఆమె ఆయన వైపు తిరిగింది. "చెప్పేశారా?"

"ఎందుకు, తప్పా?"

"అది నాన్న కూర్చింది కాదండీ. శిబిరం నుంచి తలలో మోసుకొచ్చాడు. కూర్చిన మనిషి బతికే ఉన్నాడు. నాన్న పోయినప్పటి నుంచి మా ఇంట్లో మేడ మీదుంటున్నాడు. పోటీకి పంపమన్నదీ, కవర్లో నా పేరు రాయమన్నదీ ఆయనే. రేపు ఎనిమిదింటికి మీ యంత్రం వస్తుందని చెప్పాను. దిగనంటున్నాడు."

"ఎందుకు దిగడు?"

"మొదటిసారి మీ సంతకంతోనే ఇల్లు వదిలాడట. రెండోసారి వదలడట."

"నా సంతకమా? ఎప్పుడు?"

"నలభై ఎనిమిదిలో."

అప్పుడు సుఖొరూకొవ్‌కు ఇరవై రెండేళ్ళు. యంత్రాల ఫ్యాక్టరీలో నక్షాలు గీసేవాడు. "ఆయన పేరేమిటి?"

ఆమె చెప్పింది. ఆయన ఆ పేరును లోపల రెండుసార్లు అనుకున్నాడు. ఎన్నడూ వినని పేరు. ఆ మాటే చెప్పాడు.

"తెలియదనే అంటారని చెప్పాడు," అంది అగ్నియా ఇన్నొకెంత్యెవ్నా. సంచిలోంచి మడతల దగ్గర చిరిగిన కాగితం తీసి, ఇద్దరికీ ఒకేలా కనిపించేట్టు మోకాళ్ళ మీద పరిచింది. ఆ మనిషి మీద నలభై ఎనిమిదిలో ఇచ్చిన ఫిర్యాదు, టైపు చేసిన పది వరుసలు. సుఖొరూకొవ్‌కు వాటిలో ఒక్కటీ తెలియదు. కింద సంతకం ఆయనదే.